నాన్న కాలు పోయాక లేబర్ ఆఫీసు చుట్టూ మూడేళ్ళు – నా అనుభవం

2021 నవంబర్ 17, బుధవారం. తెల్లవారుజామున నాలుగున్నరకు అమ్మ ఫోన్ మోగింది. క్లీనర్ ఏడుస్తూ మాట్లాడుతున్నాడు. మిర్యాలగూడలో బియ్యం లోడు ఎత్తుకుని కాకినాడ పోర్టుకు వెళ్తున్న నాన్న లారీ, నందిగామ దగ్గర రోడ్డు మీద ఆగి ఉన్న ఇంకో లారీని వెనక నుంచి గుద్దింది. ఆగిన లారీకి వెనక లైట్లు లేవు, రాళ్ళు గానీ కొమ్మలు గానీ అడ్డం పెట్టలేదు. క్యాబిన్ ముందు భాగం నొక్కుకుపోయి నాన్న కుడి కాలు అందులో ఇరుక్కుంది. బయటికి తీయడానికి గంటన్నర పట్టిందట.

అప్పుడు నేను బీకాం రెండో సంవత్సరంలో ఉన్నాను. అమ్మ బట్టలు కుడుతుంది. తమ్ముడు తొమ్మిదో తరగతి. మాది ఉమ్మడి నల్గొండ జిల్లాలో ఒక పల్లె. నాన్నకు లారీ తప్ప ఇంకో పని రాదు. పంతొమ్మిదేళ్ళకు క్లీనర్‌గా ఎక్కి, తర్వాత డ్రైవర్ అయి, ఇరవై ఏళ్ళకు పైగా స్టీరింగ్ పట్టుకున్న మనిషి.

విజయవాడలో ఒక ప్రైవేటు ఆస్పత్రిలో 26 రోజులున్నాం. కాలు నిలబెట్టడానికి డాక్టర్లు ప్రయత్నించారు. ఆరో రోజుకు ఇన్‌ఫెక్షన్ పైకి పాకుతోందని చెప్పి మోకాలి కింద తీసేయాలన్నారు. సంతకం పెట్టమని కాగితం నా చేతికిచ్చారు, ఎందుకంటే అమ్మ చేయి వణుకుతోంది. నాన్న కాలు తీయడానికి ఒప్పుకుంటూ సంతకం పెట్టింది నేను. ఆ సంగతి ఇప్పటికీ నాన్నతో మాట్లాడలేదు.

ఓనర్ మొదట లక్ష రూపాయలు పంపాడు. మిగతా ఖర్చుకు నూటికి మూడు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చాం. డిశ్చార్జి అయ్యేసరికి మొత్తం మూడు లక్షలు దాటింది. మందుల షాపు వాళ్ళు చాలా సార్లు తెల్ల చీటీ మీద లెక్క రాసిచ్చారు. ఆ టెన్షన్‌లో అసలు బిల్లు ఇవ్వమని అడగాలని తోచలేదు. అలాంటి చీటీలు తర్వాత ఒక్కటీ పనికి రాలేదు. ఎవరైనా ఇప్పుడు ఆస్పత్రిలో ఉండి ఇది చదువుతుంటే, ప్రతి మందుకూ పేరు, తేదీ ఉన్న బిల్లు అడిగి ఒక కవర్లో పెట్టుకోండి.

ఇంటికొచ్చాక మూడు నెలలు ఏమీ చేయలేదు. నిజం చెప్పాలంటే ఏం చేయాలో మాకు తెలియదు. నాన్న గోడ వైపు తిరిగి పడుకునేవాడు. ఎవరు పలకరించినా "నాదే తప్పు, చూసుకోవాల్సింది" అనేవాడు. పోలీసులు పెట్టిన ఎఫ్ఐఆర్‌లో కూడా ముద్దాయి నాన్నే. క్లీనర్‌కి దెబ్బలు తగిలాయి కాబట్టి అజాగ్రత్తగా నడిపాడని ఐపీసీ 337 కింద కేసు రాశారు. కాలు పోయిన మనిషే ముద్దాయి అని చదివినప్పుడు నాకు ఏడుపు ఆగలేదు.

2022 మార్చిలో ఓనర్ ఇద్దరు పెద్దమనుషులను వెంటబెట్టుకుని వచ్చాడు. లక్షన్నర ఇస్తాను, ఇక ఏ కేసూ వేయమని స్టాంపు పేపర్ మీద రాసివ్వండి అన్నాడు. అమ్మ దాదాపు ఒప్పుకుంది. వడ్డీ నెలనెలా పెరుగుతోంది కదా. నాన్న కూడా "సేటు మంచోడే, ఆయనేం చేస్తాడు" అన్నాడు. రెండు రోజులు టైం అడిగాం.

ఆ రెండు రోజుల్లో ఇద్దరు వకీళ్ళ దగ్గరికి వెళ్ళాను. ఒకాయన వచ్చిన దాంట్లో ముప్పై శాతం అన్నాడు, ఐదు ఖాళీ కాగితాల మీద నాన్న సంతకాలు కావాలన్నాడు. ఇంకొకాయన ఎఫ్ఐఆర్ చూసి "తప్పు మీ నాన్నదే కదమ్మా, యాక్సిడెంట్ ట్రిబ్యునల్‌లో నిలబడదు" అని కాగితాలు తిరిగిచ్చేశాడు. బస్టాండులో నా ముఖం చూసి, మా ఊరి హమాలీ ఒకాయన "ఎమ్మెల్యే సార్ దగ్గరికి పోయినవా?" అని అడిగాడు.

ఆ ఎమ్మెల్యే సారు ఇప్పుడు ఎమ్మెల్యే కాదు. ఉమ్మడి రాష్ట్రం అసెంబ్లీలో ఒక్కసారి కూర్చున్నారు. అంతకు ముందూ తర్వాతా ఆయన కార్మికుల కేసులు చూసే వకీలే. పేరు రాయొద్దన్నారు కాబట్టి రాయడం లేదు. ఆఫీసు అంటే ఇంటి ముందు రేకుల షెడ్డు. రెండు బెంచీలు, ఇనుప బీరువా, గోడకు వి.వి. గిరి ఫోటో. నేను వెళ్ళింది ఉదయం ఏడు గంటలకు. అప్పటికే పదిహేను మంది ఉన్నారు. ఒకరికి పెన్షన్ ఆగింది, ఒకరికి సీఎం రిలీఫ్ ఫండ్‌కి ఉత్తరం కావాలి, ఒక ముసలామె కోడలి మీద ఫిర్యాదు చెప్పడానికి వచ్చింది. పదవి పోయి ఎన్నో ఏళ్ళయినా జనం రావడం మానలేదు. ఆయన అందరి మాటా విన్నారు. నా వంతు వచ్చేసరికి తొమ్మిదిన్నర.

ఎఫ్ఐఆర్ చదివి, స్టాంపు పేపర్ సంగతి విని ఆయన అడిగిన మొదటి ప్రశ్న: "మీ నాన్న ఆ రోజు లారీ ఎవరి పని మీద నడుపుతున్నాడు?"

"ఓనర్ పని మీదే సార్."

"ఇక తప్పెవరిదో నాకు అవసరం లేదు బిడ్డా. చట్టానికి కూడా అవసరం లేదు."

నాలుగు నెలల్లో మా ఇంట్లో ఎవరూ అనని మాట అది. ఆయన నిదానంగా చెప్పారు. ట్రిబ్యునల్‌లో వేస్తే ఎవరి నిర్లక్ష్యమో తేల్చాలి. అప్పట్లో అమల్లో ఉన్న 1923 నాటి ఉద్యోగుల నష్టపరిహార చట్టం కింద లేబర్ ఆఫీసులో వేస్తే, పని చేస్తుండగా, పని వల్ల దెబ్బ తగిలిందా లేదా అన్నదే ముఖ్యం. రెండింట్లో ఒకటే ఎంచుకోవాలి, రెండు చోట్లా వేయకూడదు. ప్రమాదం జరిగిన రెండేళ్ళలోపు వేయాలి. ప్రమాదం ఆంధ్రాలో జరిగినా మేం ఉండే చోటే వేసుకోవచ్చు. స్టాంపు పేపర్ గురించి అడిగితే, పరిహారం హక్కు వదులుకుంటున్నానని రాసిచ్చే ఒప్పందం ఆ చట్టం ముందు చెల్లదని, రాజీ అయినా లేబర్ ఆఫీసులో ఈ కేసులు వినే కమిషనర్ దగ్గర రిజిస్టర్ కావాలని చెప్పారు.

ఫీజు ఎంతని భయపడుతూ అడిగాను. వకీలు శాతం లెక్కన తీసుకోకూడదని బార్ కౌన్సిల్ రూలు ఉందట. మొత్తం 40,000 అన్నారు. పదివేలు ముందు, మిగతాది డబ్బు చేతికొచ్చాక. ఖాళీ కాగితం మీద సంతకం అడగలేదు. వకాలత్ మీద పెట్టేటప్పుడు కూడా నాన్నకు మొత్తం చదివి వినిపించారు.

తర్వాత ఆయనే ఓనర్‌ని పిలిపించారు. నేను పెద్ద గొడవ అవుతుందనుకున్నాను. ఆయన లారీ ఇన్సూరెన్స్ పాలసీ కాగితం టేబుల్ మీద పరిచి ఒక వరుస మీద వేలు పెట్టారు. పెయిడ్ డ్రైవర్ అని ఉంది, ఎదురుగా ప్రీమియం 50 రూపాయలు. "నీ డ్రైవర్‌కి ఏమన్నా అయితే కంపెనీ కట్టాలని నువ్వు ఏటా యాభై రూపాయలు కడుతున్నావు. మరి నీకు భయమెందుకు?" అన్నారు. ఓనర్‌కి ఆ సంగతే తెలియదు. ఏజెంటు సంతకం పెట్టమన్న చోట పెట్టాడంతే. ఆ రోజు నుంచి ఆయన మాకు ఎదురు తిరగలేదు.

కాగితాలు కూడబెట్టడానికే నాలుగు నెలలు పట్టింది. ఎఫ్ఐఆర్, చార్జిషీటు సర్టిఫైడ్ కాపీలు, వెహికల్ ఇన్‌స్పెక్టర్ రిపోర్టు అన్నీ పక్క రాష్ట్రం నుంచి రావాలి. ఆ ఊరికి మూడుసార్లు తిరిగాను. రెండోసారి వెళ్ళినప్పుడు నాన్న కూడా వచ్చి అజాగ్రత్త కేసులో జరిమానా కట్టాడు. చంకల కింద కర్రలతో కోర్టు మెట్లెక్కి "ఒప్పుకుంటున్నాను" అని చెప్పిన ఆ మనిషిని చూడలేక నేను బయటే నిలబడ్డాను.

వయసు దగ్గర ఇంకో చిక్కు వచ్చింది. లైసెన్స్‌లో పుట్టిన తేదీ 1977 జూన్. ఆధార్‌లో ఎవరో 01-01-1975 అని రాసేశారు. ఈ చట్టంలో వయసును బట్టి పరిహారాన్ని లెక్కగట్టే ఒక గుణకం ఉండేది. 44 ఏళ్ళకు 172.52, 46 ఏళ్ళకు 166.29. ఒక తప్పు తేదీ వల్ల మాకు దాదాపు 48 వేలు తగ్గిపోయేవి. లైసెన్స్ పాతది, ప్రమాదానికి చాలా ముందే ఇచ్చింది కాబట్టి దాన్నే పెట్టారు. చివరికి అదే ఒప్పుకున్నారు. మీ ఇంట్లో ఎవరికైనా ఆధార్‌లో జనవరి ఒకటి అని ఉంటే ఇప్పుడే సరి చేయించుకోండి, అవసరం పడ్డాక కుదరదు.

2022 ఆగస్టు 8న కేసు వేశాం. మూడు వారాలకు నంబరు పడింది.

కోర్టంటే నా ఊహలో ఎత్తైన కుర్చీ, బోను ఉండేవి. లేబర్ ఆఫీసులో ఒక మామూలు గది. అసిస్టెంట్ కమిషనర్ గారే ఈ చట్టం కింద కమిషనర్. ఆమె టేబుల్ మీద మా ఫైలు పక్కనే జీతం ఇవ్వని షాపుల మీద ఫిర్యాదులు, భవన కార్మికుల కార్డుల దరఖాస్తులు. బయట వరండాలో మాలాంటి వాళ్ళే. బోరు బండి మీద చెయ్యి పోయిన కుర్రాడు, ట్రాక్టర్ తిరగబడి మొగుణ్ణి పోగొట్టుకున్న ఒకామె. మొదటి వాయిదాకే వాళ్ళతో స్నేహం కలిసింది. ఎవరి అన్నం డబ్బా తెరిచినా అందరం తినేవాళ్ళం.

ఇలాంటి దరఖాస్తు మూడు నెలల్లో తేల్చాలని ఆ చట్టంలోనే ఉండేది. మాకు రెండేళ్ళు దాటింది. ఇన్సూరెన్స్ కంపెనీ కౌంటర్, అంటే మా దరఖాస్తుకు జవాబు, వేసింది 2023 జనవరిలో. అందులో నాన్న అసలు డ్రైవరే కాదన్నారు, జీతానికి రుజువు లేదన్నారు, లైసెన్స్ సరైందో కాదో తేలాలన్నారు, తప్పు ఒప్పుకుని జరిమానా కట్టాడు కాబట్టి ఏమీ రాదన్నారు. అది చదివి నేను రాత్రంతా నిద్రపోలేదు. పొద్దున్నే సార్ దగ్గరికి పరిగెత్తాను. "ప్రతి కేసులో ఇదే రాస్తారు, పేర్లు మారుస్తారంతే. పోయి టిఫిన్ తిను" అన్నారు. ఆ తర్వాత అధికారి బదిలీ అయి, ఇన్‌చార్జి వారానికి ఒక్క రోజు వచ్చేవారు. నాలుగు నెలలు తేదీ మీద తేదీ పడడమే.

ఆ ఖాళీ రోజుల్లో సార్ ఆఫీసులో కూర్చుని ఆయన కాగితాలు సర్దిపెట్టేదాన్ని. కంప్యూటర్ టైపింగ్ వచ్చు కాబట్టి అర్జీలు కొట్టిపెట్టేదాన్ని. ఆయన జీవితం ఎలా గడుస్తుందో దగ్గర నుంచి చూశాను. మాజీ సభ్యుల బస్సు పాసు మీద జిల్లా కేంద్రానికి వస్తారు. చేతిలో గుడ్డ సంచి, అందులో మూడు నాలుగు ఫైళ్ళు, ఒక అరటిపండు. కండక్టర్లు లేచి సీటు ఇవ్వబోతే వద్దంటారు. బస్సులోనే ఇద్దరు ముగ్గురు తమ కష్టం చెప్పుకుంటారు. లేబర్ ఆఫీసులో బిల్ల కట్టుకున్న అటెండర్‌ని కూడా "మీరు" అనే పిలుస్తారు.

ఒకరోజు గోడ మీది ఫోటో గురించి అడిగాను. గిరి అంటే నాకు జీకే పుస్తకంలో రాష్ట్రపతిగానే తెలుసు. బరంపురం తెలుగాయన అనీ, ఐర్లాండ్‌లో లా చదివారనీ, బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కార్మికుల కోసం పని చేశారనీ, 1937 ఎన్నికల్లో బొబ్బిలి రాజానే ఓడించి మద్రాసు అసెంబ్లీకి వెళ్ళి కార్మిక మంత్రి అయ్యారనీ సార్ చెప్పారు. తర్వాత కేంద్రంలో కార్మిక మంత్రిగా ఉండగా, బ్యాంకు ఉద్యోగులకు వచ్చిన తీర్పును ప్రభుత్వం తగ్గించిందని 1954లో రాజీనామా చేశారట. ఆల్విన్ కంపెనీలో కూలీగా మొదలై ముఖ్యమంత్రి అయిన అంజయ్య గారి గురించి కూడా చెప్పారు. తన గురించి మాత్రం తక్కువ. అసెంబ్లీలో కార్మిక శాఖ పద్దు చర్చకు వచ్చిన రోజున పది నిమిషాలు దొరికితే గొప్ప అనీ, ఆ పది నిమిషాల కోసం నెల రోజులు చదివేవాడిననీ ఒక్కసారి అన్నారు. "అక్కడ నేను అడిగిన వాటికి సమాధానం టేబుల్ మీద పెట్టేవాళ్ళు. ఇక్కడ అడిగితే చెక్కు వస్తుంది. ఆలస్యంగా వస్తుంది గానీ వస్తుంది."

నాన్న సాక్ష్యం 2023 జూన్ 14న. కేసులో నాన్న పేరు ఏడబ్ల్యూ-1. అంటే దరఖాస్తుదారు తరఫు మొదటి సాక్షి. ముందు రోజు సార్ నాన్నకు ఒక్కటే చెప్పారు: తెలియనిది తెలియదని చెప్పు, అడిగిన దానికే జవాబు చెప్పు. కంపెనీ వకీలు "నిద్రపోతూ నడిపావు కదా?" అని మూడు రకాలుగా అడిగాడు. మూడోసారి నాన్న గొంతు పూడుకుపోయింది. "నిద్రపోతే నా క్లీనర్ బతికేవాడా సార్? స్టీరింగ్ ఎడమకు కోసిన. అందుకే దెబ్బ నా దిక్కు వచ్చింది" అన్నాడు. ఈ మాట అంతవరకూ మాకు కూడా చెప్పలేదు. కమిషనర్ గారు రాయడం ఆపి ఒక నిమిషం నాన్ననే చూశారు. ఆ తర్వాత "నాదే తప్పు" అన్న మాట మా ఇంట్లో వినబడలేదు.

ఓనర్ కూడా వచ్చి సాక్ష్యం చెప్పాడు. నెల జీతం 13,000, బత్తా రోజుకు 400 అని. జీతం నోటి మాటే, ఎక్కడా కాగితం లేదు. ఆయన నిలబడి చెప్పకపోయుంటే 13,000 కూడా వచ్చేది కాదు. బత్తా ప్రయాణ ఖర్చు కిందికి వస్తుందని లెక్కలోకి తీసుకోలేదు. ఆ చట్టం ప్రకారం నెల జీతం ఎంతున్నా 2020 జనవరి నుంచి 15,000 వరకే లెక్కేసేవాళ్ళు. అంతకు ముందు ఆ పరిమితి 8,000 ఉండేదట.

2023 అక్టోబర్ 9న అసెంబ్లీ ఎన్నికల షెడ్యూల్ వచ్చింది. అధికారులంతా ఎన్నికల డ్యూటీ మీద పోయారు. వాయిదాలన్నీ జనవరికి వెళ్ళాయి. సార్ ఇంటి ముందు మాత్రం జనం రెట్టింపయ్యారు. అన్ని పార్టీల వాళ్ళూ ఆశీర్వాదం పేరుతో వచ్చేవాళ్ళు. ఆయన టీ ఇచ్చి పంపేవారు. డిసెంబర్ 9 నుంచి ఆడవాళ్ళకు ఆర్టీసీ బస్సు ఉచితం అయ్యాక నా ఖర్చు తగ్గింది. అప్పటికే ఇరవై రెండు సార్లు టికెట్ కొని తిరిగాను.

డాక్టర్ సాక్ష్యానికి మూడు తేదీలు పట్టాయి. రెండుసార్లు ఆపరేషన్ ఉందని రాలేదు. మూడోసారి 2024 జనవరి ఆఖర్లో వచ్చారు. రావడానికి ఐదు వేలు. ఆయన నాన్న ప్యాంటు పైకి మడిచి, మోకాలి కింద మిగిలిన భాగాన్ని టేపుతో కొలిచారు. పదకొండు సెంటీమీటర్లు. ఆ కొలతకు ఎందుకంత పట్టింపో తర్వాత తెలిసింది. చట్టం షెడ్యూల్‌లో మోకాలి కింద 8.89 సెంటీమీటర్లు దాటి మిగిలితే 50 శాతం, అంతకంటే తక్కువ మిగిలితే 60 శాతం. వికలాంగులకు ప్రభుత్వం ఇచ్చే సదరం సర్టిఫికెట్‌లో నాన్నకు 60 శాతం అని ఉంది. అది పెన్షన్ కోసం వేసే లెక్క, ఇది వేరే లెక్క. కంపెనీ వకీలు 50 దగ్గరే పట్టుపట్టాడు. అలాగైతే 6,72,828 రూపాయలు.

ఇక్కడే మా సార్ విలువ నాకు పూర్తిగా తెలిసింది. 2024 జులైలో వాదనలు జరిగాయి. మే నెలలో లోక్‌సభ ఎన్నికలు రావడంతో మళ్ళీ రెండు నెలలు పోయాయి. ఆయన నిలబడి వాదించింది పదిహేను నిమిషాలు. చేయి పోయిన వడ్రంగి ఇక వడ్రంగం చేయలేడు కాబట్టి అతని సంపాదన శక్తి మొత్తం పోయినట్టే అని సుప్రీంకోర్టు 1975లోనే చెప్పింది. కుడి కాలు పోయిన ట్యాంకర్ డ్రైవర్ కేసులో హైకోర్టు 65 శాతానికి తగ్గిస్తే, 2008లో సుప్రీంకోర్టు దాన్ని మళ్ళీ 100 శాతం చేసింది. ఆ రెండు తీర్పుల కాపీలు ఇచ్చి, చివర్లో నాన్న లైసెన్స్ టేబుల్ మీద పెట్టారు. 2023తో దాని గడువు తీరింది. "ఈ కాలుతో ఏ ఆర్టీవో దీన్ని రెన్యువల్ చేస్తాడో కంపెనీ వారిని చెప్పమనండి" అన్నారు. అవతలి వకీలు ఏమీ మాట్లాడలేదు.

2024 సెప్టెంబర్ 26న ఆర్డర్ వచ్చింది. చట్టం లెక్క ప్రకారం 13,000 జీతంలో అరవై శాతం 7,800. దాన్ని 172.52తో గుణిస్తే 13,45,656. సంపాదన శక్తి నూటికి నూరు శాతం పోయిందని ఒప్పుకున్నారు. ప్రమాదం జరిగిన నెల తర్వాత నుంచి ఏడాదికి 12 శాతం వడ్డీ. మా దగ్గర సరైన బిల్లులున్న వైద్య ఖర్చు 1,17,460 ఓనర్ ఇవ్వాలి.

పరిహారం నెలలోపు ఇవ్వనందుకు ఓనర్ మీద యాభై శాతం వరకు పెనాల్టీ కూడా అడగొచ్చు. అది ఇన్సూరెన్స్ కంపెనీ కట్టదు, ఓనరే కట్టాలి. సార్ అది మా హక్కని వివరంగా చెప్పి మా ఇష్టానికి వదిలేశారు. నేను అడుగుదామన్నాను. నాన్న వద్దన్నాడు. "ఆయన వచ్చి నిలబడి జీతం చెప్పిండు. చాలు." ఈ విషయంలో నాన్నదే సరైన మాట అని ఇప్పుడనిపిస్తోంది. వైద్య ఖర్చు ఓనర్ మూడు విడతలుగా ఇచ్చేశాడు.

ఆర్డర్ రాగానే డబ్బు వస్తుందనుకున్నాం. అప్పులవాళ్ళకు కూడా అలాగే చెప్పేశాం, అది పొరపాటు. కంపెనీకి హైకోర్టులో అప్పీలు వేసుకోవడానికి 60 రోజులుంటాయి. ఆ రెండు నెలలు నేను పడ్డ ఆందోళన కేసు నడిచినప్పుడు కూడా పడలేదు. రోజూ హైకోర్టు వెబ్‌సైట్‌లో నాన్న పేరు కొట్టి చూసేదాన్ని. నవంబర్ 25తో గడువు అయిపోయింది. సార్ మర్నాడే వసూలు దరఖాస్తు వేశారు. కట్టకపోతే భూమి శిస్తు బకాయిలాగా వసూలు చేయించే వీలుందట. డిసెంబర్ 12న కంపెనీ కమిషనర్ పేరు మీద డీడీ కట్టింది. వడ్డీయే సుమారు 4 లక్షల 82 వేలు.

ఆ డబ్బు నేరుగా మాకు ఇవ్వరు, కమిషనర్ ఖాతా నుంచి రావాలి. దానికి మళ్ళీ దరఖాస్తు, పాస్‌బుక్ జిరాక్స్, ఫోటోలు, ఈయనే ఆయన అని వకీలు గుర్తింపు సంతకం. నాన్న ఖాతా జీరో బ్యాలెన్స్ ఖాతా. దాంట్లోకి ఇంత పెద్ద మొత్తం రాదని బ్యాంకు వాళ్ళు చెప్పడంతో కేవైసీ ఇచ్చి మామూలు ఖాతాగా మార్పించుకున్నాం. అక్కడో వారం పోయింది. 2025 జనవరి 24, శుక్రవారం సాయంత్రం మెసేజ్ వచ్చింది. డీడీ కట్టిన 43 రోజులకు, ప్రమాదం జరిగిన మూడేళ్ళ రెండు నెలలకు.

సార్‌కి మిగిలిన ముప్పై వేలు తీసుకెళ్ళి ఇచ్చాం. లెక్కపెట్టుకుని రసీదు రాసిచ్చారు. నాన్న ఇంకో పదివేలు కవర్లో పెట్టి ఇవ్వబోతే, బెంచీ మీద కూర్చున్న ట్రాక్టర్ ఆమెను చూపించి "ఈమె డాక్టర్‌కి ఐదు వేలు కట్టాలి, ఆమెకియ్యి" అన్నారు. నాన్న అక్కడే ఇచ్చేశాడు.

అసలూ వడ్డీ కలిపి అప్పులు నాలుగున్నర లక్షలు తీర్చాం. పది లక్షలు అమ్మ, నాన్న పేర్ల మీద ఫిక్స్‌డ్ వేశాం. మిగిలిన దాంట్లో అమ్మకు రెండు మోటారు కుట్టు మిషన్లు, తమ్ముడి పాలిటెక్నిక్ ఫీజు. ఉచిత శిబిరంలో పెట్టించుకున్న జైపూర్ కాలుతో నాన్న ఇప్పుడు మిల్లు దగ్గర వేబ్రిడ్జిలో కూర్చుని తూకాలు రాస్తున్నాడు. నెలకు తొమ్మిది వేలు. లారీలు వస్తూ పోతూ ఉంటాయి, డ్రైవర్లంతా పాత స్నేహితులే.

ఆర్డర్ కాపీ వచ్చిన రోజు రాత్రి నాన్న నన్ను అది తెలుగులో చెప్పమన్నాడు. ఇంగ్లీషు ఒక్కో వాక్యం చదివి అర్థం చెప్తూ వచ్చాను. ఈ దరఖాస్తుదారు ఇక ఎన్నటికీ లారీ నడపలేడు, అతని సంపాదన శక్తి నూటికి నూరు శాతం పోయింది అన్న చోటికి వచ్చాక ఆపమన్నాడు. మేం గెలిచింది ఆ వాక్యం మీదే. రెండేళ్ళు ఆ వాక్యం కోసమే తిరిగాం. నాన్న చాలాసేపు పైకప్పు చూస్తూ పడుకుని, "మళ్ళీ చదువు" అన్నాడు. మళ్ళీ చదివాను. పొద్దున లేచి చూస్తే ఆర్డర్ కాపీ మడిచి బీరువాలో పెట్టి ఉంది. దాని మధ్యలో గడువు తీరిన లైసెన్స్.